దీపానికీ ఆమె కళ్ళకీ మధ్య

నేను ఒక గాజు పలకను. నన్ను చూసి ఎవరూ బొట్టు దిద్దుకోలేదు, జుట్టు సర్దుకోలేదు. నాలోంచి అవతలికి చూడటమే అందరికీ కావలసింది. నా మీద వేలిముద్ర పడితేనో, దుమ్ము పేరుకుంటేనో తప్ప నేనొకదాన్ని ఉన్నానన్న సంగతి ఎవరికీ గుర్తురాదు. అందుకు నాకేమీ బాధ లేదు. గాజుగా పుట్టాక ఆ మాత్రం సర్దుకుపోవాలి. కానీ ఒకసారి నేను ఉండవలసిన చోట నన్ను ఉండనివ్వలేదు. దాదాపు నూరేళ్ళ కిందటి మాట అది. ఆనాడు నిర్ఘాంతపోయినదాన్ని ఇంకా తేరుకోలేదు.

నేను పుట్టింది అమెరికాలో. కొలిమిలోంచి బయటపడి చల్లారీ చల్లారకముందే నన్ను కోసి, ఇనుప చట్రంలో బిగించి, ఒక పెద్ద దీపం ముందు నిలబెట్టారు. నూనె దీపం కాదు, ఇంట్లో వేలాడే బల్బూ కాదు. రెండు బొగ్గు కడ్డీల కొసలు దగ్గరకు చేర్చి కరెంటు వదిలితే, మధ్యలో సూర్యుడు ముక్కలై రాలినట్టు తెల్లగా భగ్గుమనే దీపం. సినిమాలు తీసేవాళ్ళకు అదే ప్రాణం. బొగ్గు చిటపటలాడి నిప్పురవ్వలు ఎవరి బట్టల మీదా పడకుండా నన్ను అడ్డం పెట్టామని వాళ్ళు అనుకునేవారు. ఆ వెలుగులో కంటికి కనబడని మంట ఒకటి ఉందనీ, అంతా కాకపోయినా చాలావరకు దాన్ని నేను మింగేస్తున్నాననీ వాళ్ళకు తోచలేదు. వాళ్ళు అడగలేదు, నాకా నోరు లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో నన్ను ఓడెక్కించి లండన్ తీసుకొచ్చారు. న్యూయార్క్ యజమానులు అక్కడ కాలువ ఒడ్డున మూతబడిన పాత కరెంటు స్టేషన్ ఒకటి కొని స్టూడియో కట్టించారు. ఇంగ్లీషు వాళ్ళ ఊళ్ళో, ఇంగ్లీషు వాళ్ళ కోసం, అమెరికా వాళ్ళు సినిమాలు తీస్తారన్నమాట. దీపాలు అమెరికావి, కెమెరాలు అమెరికావి, ఆఖరికి మేకులు కూడా పెట్టెల్లో అక్కడినుంచే దిగాయి. ఇంగ్లండులో ఇసుక లేదా, కొలిమి లేదా, ఒక గాజు ముక్క కోసం సముద్రం దాటించాలా అని నేను నివ్వెరపోయాను. తర్వాత చూసినవాటి ముందు అదొక లెక్కే కాదు.

ఆ యజమానులకు ఒక గొప్ప ఉండేది. లండన్ పొగమంచు మా స్టూడియో గడప తొక్కదు అని పత్రికలవాళ్ళను పిలిచి మరీ చెప్పారు. గోడల వెంట వేడి గొట్టాలు, పైన గాలి తోడేసే మరలు, నానా హంగామా. ఏనుగు బొమ్మను లోపలికి తేవడానికి తలుపు తీస్తే, ఏనుగు కంటే ముందు పొగమంచు వచ్చి కూర్చునేది. దాన్ని బయటికి తరిమి, మళ్ళీ సినిమాలో గంగానది మీద మంచు కావాలని అగరు పొడి కాల్చి పొగ పెట్టేవారు. ఇదంతా పూర్తి తెలివిలో ఉన్నవాళ్ళే చేసేవారు.

నా బాగోగులు చూసే మనిషి ఆల్ఫ్ పెన్‌ఫోల్డ్. పక్క సందులోనే పుట్టి, ఆ కరెంటు స్టేషన్‌లోనే బొగ్గు వేసి, ఇప్పుడు అదే చోట దీపాలవాడయ్యాడు. రోజూ పొద్దున్నే పాత బనియను గుడ్డతో నన్ను తుడిచి, కళ్ళకు నల్లద్దాలు తగిలించుకునేవాడు. కెమెరా పట్టేవాడికీ, డైరెక్టర్‌కీ కూడా నల్లద్దాలు ఉండేవి. దీపాల వెనకున్న వాళ్ళందరికీ ఉండేవి. దీపాల ముందు నిలబడే వాళ్ళకు మాత్రం ఉండేవి కావు. నల్లద్దాలు పెట్టుకుంటే బొమ్మలో ముఖం ఎలా కనబడుతుంది?

ఆ చలికాలం తీసిన సినిమా మీ దేశం కథ అట. గంగ ఒడ్డున ఒక గుడి, అందులో చూపులేని పూజారిణి, ఆమెను కాపాడే తెల్లదొర. డైరెక్టర్ పేరు క్రోవెల్. న్యూయార్క్ మనిషి, గట్టిగా నవ్వేవాడు, ఎవరిమీదా కోపం పెట్టుకునేవాడు కాదు. గుడికి స్తంభాలు ఈజిప్టు బొమ్మల పుస్తకం చూసి కట్టించాడు. జనం కోసం లండన్ కుర్రాళ్ళకు ముఖాన గోధుమరంగు పూశారు. వాళ్ళ మధ్య నలుగురైనా అసలు మనుషులుంటే బాగుంటుందని, క్రైస్తవ మిషన్ వాళ్ళు నడిపే ఆయాల ఇంటికి కబురు పంపారు.

ఆయాలంటే, మీ దేశం నుంచి స్వదేశానికి వెళ్ళే దొరల పిల్లలను ఓడలో సాకడానికి వెంట వచ్చిన ఆడవాళ్ళు. ఓడ దిగగానే దొరసానికి వాళ్ళతో పని తీరిపోయేది. మళ్ళీ అటు వెళ్ళే కుటుంబం ఏదైనా తమ పిల్లల కోసం కుదుర్చుకుంటేనే వాళ్ళకు ఓడ. అప్పటిదాకా మిషన్ ఇంట్లో ఎదురుచూపులే.

అలా వచ్చారు నూకాలూ, మార్తమ్మా. మార్తమ్మ నరసాపురం మనిషి, పెద్దావిడ, సముద్రం చాలాసార్లు దాటి ఇంగ్లీషు ఒంటపట్టించుకుంది. నూకాలుది భీమునిపట్నం. వయసులో ఉన్న పిల్ల. కొడుకు తప్పటడుగులు వేస్తుండగా అక్క దగ్గర వదిలి, దొరసాని బిడ్డను ఎత్తుకుని ఓడెక్కింది. మార్తమ్మను తమ ఊరి తీరున అప్పా అని, అంటే అక్కా అని పిలిచేది. నాకు తెలుగు వచ్చింది వాళ్ళిద్దరి మాటల వల్లే. నా ముందే స్టూలు మీద కూర్చుని కబుర్లాడుకునేవారు. నూకాలుకు ఒకటే బెంగ. పిల్లాడి ముఖం రోజురోజుకీ చెరిగిపోతోందట. పొద్దున్న లేవగానే కళ్ళు మూసుకుని ఆ ముఖాన్ని గుర్తుతెచ్చుకునేదట. ఒకనాడు ముక్కు గుర్తొస్తే ఇంకోనాడు గడ్డం గుర్తొచ్చేది కాదట. ఇప్పుడు విశాఖపట్నం వెళ్ళే దొరసాని ఒకామె వారం చివర్లో వచ్చి చూస్తానంది. ఆవిడకు నచ్చితే ఇక ఇంటికే.

నూకాలును చూసి క్రోవెల్ పెదవి విరిచాడు. ఇంకాస్త ఇండియా మనిషిలా ఉండాలన్నాడు. నూకాలుకు కూడా గోధుమరంగు పూశారు. నేను నమ్మలేకపోయాను.

ఆ రోజు బయట పొగమంచు మహా దట్టంగా పట్టింది. గొట్టాలూ మరలూ చేతులెత్తేశాయి. లోపలంతా బూడిదరంగు. బొమ్మ మసకగా వస్తోందని కెమెరా మనిషి గొణిగాడు. తమ స్టూడియోలోకి పొగమంచు వచ్చిందని ఒప్పుకుని పని ఆపేస్తే యజమానుల పరువు పోతుంది. క్రోవెల్ ఒక్క క్షణం ఆలోచించి, వెలుగు ఇంకా కావాలని దీపాల ముందున్న గాజులన్నీ తీసేయమన్నాడు. రవ్వలు పడితే ఎలా అని ఆల్ఫ్ అడిగాడు. బకెట్టుతో నీళ్ళు దగ్గర పెట్టుకోమన్నారు. ఆల్ఫ్ మరలు విప్పి, నన్ను తీసి, ముఖం దీపం వైపే ఉండేలా గోడకు ఆనించాడు.

నూకాలు చేయవలసిందల్లా వెనక వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడటం. అయితే దీపాలు భగ్గుమనగానే ఆ పిల్ల పళ్ళెం కింద పెట్టేసింది. నేరుగా నా దీపం వైపు తిరిగి, రెప్ప వాల్చకుండా చూసి, రెండు అరచేతులూ వెలుగు మీదికి చాపి, కళ్ళకు అద్దుకుని, దండం పెట్టింది. దీపం వెలిగితే మీ ఇళ్ళల్లో ఎవరైనా చేసే పనే. మార్తమ్మ కంగారుపడి కొంగు లాగింది.

"దీపం ఎలిగితే దండం ఎట్టకుండా ఎలాగుంటాం అప్పా? అది సినిమా దీపమైతేనేటి, దీపం దీపమే కదా," అంది నూకాలు.

క్రోవెల్ టోపీ గాల్లోకి విసిరాడు. పూజారిణి వేషం వేస్తున్న న్యూయార్క్ పిల్లను పక్కకు జరిపి, ఈమె ముఖాన్నే దగ్గరగా తీస్తానన్నాడు. దేవుణ్ణి చూస్తున్న కళ్ళు ఇవేనన్నాడు. మళ్ళీ చేయించాడు, మళ్ళీ చేయించాడు. రెప్ప వేస్తే మొదటికొచ్చేది. గోడకు ఆని నేను చూస్తూ ఉన్నాను. నాకూ ఆ దీపానికీ మధ్య నాలుగు బారల దూరం. నన్ను తిరిగి అక్కడ పెట్టండని ఎవరితో చెప్పను? పక్కనే నల్లద్దాలు పెట్టుకున్న మనుషులు ముగ్గురు నిలబడి, ఎంత బాగుందో అని తలలూపుతున్నారు. వాళ్ళలో ఒక్కడికైనా ఆ నల్లద్దాలు ఎందుకు పెట్టుకున్నామో గుర్తురాలేదు. మనుషుల మీద నాకున్న నమ్మకం ఆ మధ్యాహ్నమే పోయింది.

మర్నాడు మార్తమ్మ ఆ పిల్లను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. రెప్పలు ఉబ్బిపోయాయి. కళ్ళు చింతనిప్పుల్లా ఉండి, ధారగా నీళ్ళు కారుతున్నాయి. కళ్ళలో ఇసుక పోసినట్టుందట. ఇక రాలేమని చెప్పిపోదామని వచ్చారు. ఆల్ఫ్ చూసి కొయ్యబారిపోయాడు. పరుగెత్తుకెళ్ళి పచ్చి బంగాళాదుంప చక్రాలు కోసుకొచ్చి, రెప్పల మీద పెట్టుకోమన్నాడు.

క్రోవెల్ కూడా చూశాడు. పాపం అన్నాడు. నిజంగానే అన్నాడు, గొంతులో జాలి ఉంది. ఆ తర్వాత ఇంకాస్త దగ్గరకు వచ్చి, ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, ఈ కన్నీళ్ళు వేషగాళ్ళకు ఎప్పటికి రావాలి అన్నాడు. ఇంకొక్కసారి దీపం ముందు నిలబడితే చాలని, ఓడ సంగతి తాను చూసుకుంటానని, యజమానులతో చెప్పి టికెట్టు తెప్పిస్తానని మాట ఇచ్చాడు. నేను నా చెవులను నమ్మలేకపోయాను. గాజుకు చెవులేమిటి అంటారా? ఆ మాటకు రాయికైనా చెవులు వస్తాయి.

మార్తమ్మ ఇంగ్లీషు మాటలను తెలుగు చేసి చెప్పి, వద్దే అమ్మా అంది. నూకాలు ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఓడ ఎక్కిత్తానన్నాడా అప్పా? నిజంగా అన్నాడా?"

"అన్నాడు. కళ్ళు పోతాయే పిచ్చిదానా."

"ఎల్లిపోతే నా గుంటణ్ణి సూత్తాను. సూసినాక ఏటైనా అవనీ."

ఆల్ఫ్ నన్ను ఎత్తి దీపం ముందు పెట్టబోయాడు. వెలుగు చాలదు, తీసేయ్ అన్నారు. చట్రం పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ గోడకు ఆనించాడు.

వారం చివర దొరసాని వచ్చి నూకాలును చూసిందట. ఎర్రటి కళ్ళు చూడగానే కండ్లకలక అనుకుని, పిల్లలకు అంటుకుంటుందని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయిందట. ఓడ వెళ్ళిపోయింది. మార్తమ్మ క్రోవెల్ కోసం స్టూడియోకు వస్తే, ఆయన అంతకుముందే న్యూయార్క్ వెళ్ళిపోయాడన్నారు. టికెట్టు మాట ఎవరికీ తెలియదన్నారు. అబద్ధమాడినవాడిలా కూడా కనబడలేదు ఆయన. ఆ మాట అన్న నిమిషంలో నిజంగానే అని, మరు నిమిషంలో నిజంగానే మరిచిపోయి ఉంటాడు.

కళ్ళవాపు తగ్గింది. మంట తగ్గింది. ఒకటి మాత్రం పోలేదు. ఆ పిల్లకు దారి కనబడేది, గుమ్మం కనబడేది, ఎదురుగా మనిషి నిలబడితే చీర అంచు కనబడేది. సూటిగా చూసిన చోట మాత్రం బూడిదరంగు మచ్చ. అంటే ఎవరిని చూసినా, ముఖం ఉండవలసిన చోటే ఆ మచ్చ. ఇది మార్తమ్మ చెబుతుంటే ఆల్ఫ్ నన్ను తుడుస్తున్నాడు. గుడ్డ నా మీదే ఆగిపోయింది.

కొన్నాళ్ళకు కొత్త రకం దీపాలు వచ్చి, నన్ను తుక్కులో పారేశారు. ఆల్ఫ్ బావమరిది దగ్గరలోనే ఒక సినిమా హాల్లో బొమ్మ ఆడించేవాడు. అతని గది గోడకున్న కన్నానికి గాజు పగిలిందని, ఆల్ఫ్ నన్ను కోటు కింద దాచి తీసుకెళ్ళి అక్కడ బిగించాడు. ఇక బొమ్మ వెలుగంతా నాలోంచే తెర మీదకు వెళ్ళేది.

ఆ గంగ సినిమా మా హాలుకు వచ్చిన రోజే ఆల్ఫ్ వాళ్ళిద్దరినీ తీసుకొచ్చాడు. మిషన్ వాళ్ళు చందాలు పోగుచేసి నూకాలును మర్నాటి ఓడలో పంపేస్తున్నారు. ఆయాగా కాదు, మామూలు మనిషిగా. నా గదికి కిందనే, చివరి వరసలో కూర్చోబెట్టాడు. తాను కూర్చోలేక పక్కనే నిలబడ్డాడు.

తెర నిండా నూకాలు ముఖం వచ్చింది. పెద్ద పెద్ద కళ్ళు, వాటిలో రెండు వెలుగు చుక్కలు, చెంపల మీద నీళ్ళు. వేరుసెనక్కాయలు ఒలిచే చప్పుడు కూడా ఆగిపోయింది. ఎవరో ఆడమనిషి వెక్కింది. తర్వాత అక్షరాలు పడ్డాయి. చూపులేని పూజారిణికి చూపు వచ్చిన క్షణం అట. ఇంత మాట రాయడానికి చెయ్యి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"నానేనా అప్పా? ఎలాగున్నాను?" అని అడిగింది నూకాలు.

"నువ్వే. నీ కళ్ళు... మహాలక్ష్మి కళ్ళే అవి," అంది మార్తమ్మ.

నూకాలు తెర వైపే ముఖం పెట్టి అంది, "రేపు నా గుంటడు నా కాడికొత్తే ఆడి మొకం నాకు అగుపడదు. ఆడికి ఈ బొమ్మొకసారి సూపిత్తే బాగుణ్ణు. మీ అమ్మ కళ్ళు ఇలాగుండీవిరా అని సెప్పుకుందును."

ఆ బొమ్మ ఉన్న రీలు ముక్క ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఆడినన్నాళ్ళు ఆడాక ఆ సినిమా రీళ్ళన్నీ వాటి పూతలోని వెండి తీసుకోవడానికి కరిగించేశారట. నన్ను మాత్రం పదిలంగా దాచారు. ఇప్పుడు ఒక మ్యూజియంలో, మెత్తటి గుడ్డ మీద, పాతకాలపు సినిమా హాలు గాజు అన్న చీటీతో ఉన్నాను. పిల్లలు వచ్చి నాలోంచి ఒకరినొకరు వెక్కిరించుకుంటారు.

ఆ రోజు హాల్లో ఇంకొకటి జరిగింది. తెర మీద ఏముందో కనబడక, నెత్తి మీదుగా పోతున్న వెలుగు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవాలనిపించిందేమో, నూకాలు మెల్లగా వెనక్కి తిరిగింది. తల ఎత్తి నన్నే చూసింది. రెండు అరచేతులూ నా వైపు చాపి, కళ్ళకు అద్దుకుని, దండం పెట్టింది.

ఈసారి దీపానికీ ఆమె కళ్ళకీ మధ్య నేను ఉన్నాను.