అట్టడుగున ఒక చార

కీత్ టల్లక్ మందలో ముసలి గొర్రె ఒకటి ఏప్రిల్ చివర్లో తాగినవాడిలా తూలడం మొదలుపెట్టింది. ఇంకొకరైతే తుపాకీతో కాల్చి, గోతిలో పూడ్చి ఊరుకునేవారు. కీత్ మాత్రం పశువైద్యురాలికి ఫోన్ చేశాడు. దానికి నిజాయితీ ఒక్కటే కారణం కాదు. ఆ గొర్రెను పిల్లగా ఉన్నప్పుడు అతని భార్య బెరిల్ వంటింటి పొయ్యి పక్కన పెట్టుకుని, సీసాతో పాలు పట్టి పెంచింది. బెరిల్ పోయి మూడేళ్ళయింది. ఆమె పెంచినదాన్ని కాల్చడానికి అతనికి చెయ్యి రాలేదు.

ఆ డాక్టరు, నైరీ పరాతా, వచ్చి, గొర్రెకు బాధ తెలియకుండా సూదితో ప్రాణం తీసి, మెదడు ముక్క పరీక్షకు తీసుకెళ్ళింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి కారు గేటు బయటే ఆపి, బూట్లు మందునీళ్ళలో కడుక్కుంది. అది చూడగానే కబురు మంచిది కాదని కీత్‌కు తెలిసింది.

"మెదడు జబ్బు, స్క్రేపీ అని వచ్చింది కీత్ గారూ. కంగారు పడకండి, అందులో రెండు రకాలున్నాయి."

"మంచిదీ చెడ్డదీనా?"

"చెడ్డదీ, ఫరవాలేనిదీ. మామూలు రకమైతే మందంతటికీ అంటుకుంటుంది. సర్కారువాళ్ళు ఒక్కదాన్నీ మిగల్చరు. రెండోది ముసలి గొర్రెకు దానంతటదే వస్తుంది, పక్కదానికి అంటదు. మొదటి పరీక్షలో ఆ తేడా తెలీదు. మెదడులోని ప్రొటీన్‌ని ముక్కలు చేసి, జెల్లీ లాంటి పలక మీద పరిగెత్తిస్తారు. చారలు పడతాయి. మామూలు రకానికి పైన మూడు చారలే. రెండోదానికైతే మెట్లు దిగినట్టు దిగి, అట్టడుగున ఇంకో చిన్న చార పడుతుంది. ఆ పరీక్షకి ఇంగ్లండ్ పంపించాం."

"అంటే నా మందంతా ఒక చార మీద ఉందంటావు."

"అంతే. అప్పటిదాకా ఒక్క గొర్రె కూడా గేటు దాటి బయటికి పోకూడదు."

"లోపలికి రావచ్చా?"

"ఇలాంటప్పుడు మీకు గొర్రెల్ని ఎవరు పంపుతారండీ?" అంది నైరీ. ఆమె దేశంలోని ఉత్తర దీవి నుంచి వచ్చి ఏడాదే అయింది. ఈ దక్షిణపు కొసన సౌత్‌లాండ్ మనుషుల సంగతి ఇంకా తెలియదు.

ఈ చుట్టుపక్కల వాళ్ళకు ఓదార్చడం చేతకాదు. వండి తెస్తారు. సాయంత్రానికల్లా గేటు దగ్గర గిన్నెలు వరసకట్టాయి. అడుగున పేర్లు రాసి అంటించిన పట్టీలు చూస్తే, బెరిల్ పోయినప్పుడు వచ్చిన గిన్నెలే. అన్నిటిలోనూ గొర్రె మాంసమే. పరిస్థితికి అది తగిన వంట కాదని ఎవరికీ తోచలేదు. ఆకలిగా ఉండడంతో కీత్‌కూ తోచలేదు.

గురువారం అతను పన్ను పీకించుకోవడానికి పక్క పట్నం గోర్ వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఇంటి ముందు పచ్చికలో కొత్త గొర్రెలు మేస్తున్నాయి. ముర్రే గెడ్డెస్, బారీ స్ప్రోట్, ఇంకో ఇద్దరు పొరుగువాళ్ళు కంచెకు ఆనుకుని, పెళ్ళి జరిపించినవాళ్ళలా నిలబడి ఉన్నారు.

"ఏమిటివి?" అన్నాడు కీత్, వాచిన దవడతో.

"గొర్రెలంటారోయ్," అన్నాడు ముర్రే. "పుట్టినప్పటినుంచీ చూస్తున్నావు, పోల్చుకోలేకపోయావా?"

"ఎందుకు తెచ్చారు?"

"సర్కారువాళ్ళొచ్చి నీవన్నీ తోలుకుపోయాక మళ్ళీ మొదలెట్టుకోవద్దూ? వీళ్ళు ముగ్గురూ తలా రెండు వేసుకున్నారు. మంచివే. నేను నా పొట్టేలునిచ్చాను."

కీత్ జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. పన్ను వల్లేనని అందరూ మర్యాదగా అనుకున్నారు.

"ముర్రే," అన్నాడు చివరికి, "నా మంద పోయాక కదా ఇవ్వాలి. ఇప్పుడివి నా మందలోనే ఉన్నాయి."

"ఉంటే?"

"పోతే నావాటితో పాటే ఇవీ పోతాయి."

నలుగురూ గొర్రెల వంక చూశారు. గొర్రెలు మాత్రం మేత మీదే ఉన్నాయి.

"నేను నిజంగానే మంచివిచ్చాను," అన్నాడు బారీ నీరసంగా.

"అయితే నువ్వొక్కడివేరా," అన్నాడు ముర్రే.

ఫోన్‌లో విషయం విని నైరీ మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. "వాటిని ఎవరూ కదపకండి," అంది తర్వాత. "ఇలా చేసేవాళ్ళుంటారని మాకెవరూ చెప్పలేదండీ."

ఆనాటి నుంచి ఇంగ్లండ్‌లోని ఆ పలక ఊరందరి సొంతమైంది. వానా రగ్బీ తప్ప ఇంకో మాట ఎరగని మగవాళ్ళు పబ్‌లో కూర్చుని ప్రొటీన్ గురించి వాదించుకున్నారు. చర్చిలో బారీ భార్య అట్టడుగు చార కోసం ప్రార్థించమని కోరింది. పాస్టర్ అది దీనుల గురించనుకుని, వాళ్ళ కోసం ప్రార్థించాడు.

ముర్రే తన పొట్టేలును చూసుకోవడానికి రోజూ సాయంత్రం వచ్చేవాడు. మిగతావాళ్ళూ వచ్చేవారు. మూడేళ్ళుగా కీత్‌తో ఏం మాట్లాడాలో తెలియక, రోడ్డు మీద ఎదురైతే స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి పోయినవాళ్ళే. ఇప్పుడు కంచెకు ఆనుకుని చీకటిపడేదాకా నిలబడేవారు. వాళ్ళు పోయాక కీత్ మందలో ఓ చుట్టు తిరిగేవాడు. సగానికి పైగా ఆ ముసలిదాని సంతతే, చెవి మీద బూడిదరంగు మచ్చతో. అవి పోతే, బెరిల్ చేతి మీదుగా మొదలైనదేదీ ఇంటి బయట ప్రాణంతో మిగలదు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. పొట్టేలుకు మాత్రం చెప్పాడు. అది అతని తొడ మీద కుమ్మింది.

ఫలితం పట్టుకుని నైరీ వచ్చేసరికి అందరూ కంచె దగ్గరే ఉన్నారు. ఆమె ఫోన్‌లో బొమ్మ చూపించింది. ముర్రే కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఇదా చార? పెన్సిల్ జారినట్టుంది."

"అదే. అట్టడుగున ఉంది చూడండి. అంటుకోని రకం. కీత్ గారూ, మీ మంద మీకే."

కీత్ బొమ్మను మళ్ళీ చూపించమన్నాడు. చూసి, ఫోన్ తిరిగిచ్చాడు.

"ఆ ముసలిది ఎప్పుడూ ఏదీ అందరిలా చెయ్యలేదు," అన్నాడు.

ఇచ్చినదాన్ని తిరిగి అడగడం ఇక్కడ ఎవరివల్లా కాదు. కీత్‌కు అది తెలుసు.

"ఇన్నింటికి నా దగ్గర మేత చాలదు," అన్నాడు. "తీసుకెళ్ళి పుణ్యం కట్టుకోండి."

బారీ ట్రెయిలర్ అప్పటికే కంచె దాకా వచ్చింది. మిగతా ఇద్దరూ మాత్రం ఇచ్చింది ఇచ్చిందేనన్నారు. వయసు మీరి అరిగిపోయిన వాటి పళ్ళు చూస్తే ఆ ఔదార్యం ఎక్కడిదో కీత్‌కు అర్థమైంది.

"నీ పొట్టేలో?" అన్నాడు ముర్రేతో.

"ఉంచుకో."

"రోజూ వచ్చి చూసుకున్నావు కదయ్యా."

"వీడి పీడ విరగడవుతుందేమోనని చూశాను. ఇంటి దగ్గర మా ఆవిణ్ణి రెండుసార్లు కుమ్మాడు."

నైరీ నవ్వాపుకోలేక కారు వైపు తిరిగింది. పొట్టేలు కంచె అవతలి కీత్ ఆడగొర్రెల వంక మెడ చాచి చూస్తోంది. మే నెల, ఇక్కడ గొర్రెలు ఎదకొచ్చే కాలం, దానికి పనున్న కాలమే. కీత్ తొడ రుద్దుకుంటూ వెళ్ళి మధ్య గేటు తీసి, దానికి దారి వదిలి పక్కకు నిలబడ్డాడు.