గడియ లేని తలుపు

రైల్వే క్వార్టరు పెరట్లో మరుగుదొడ్డి లోపలి గడియను కిందటేడు జోగమ్మే సుత్తితో ఊడగొట్టింది. కొడుకు మోహనకృష్ణ అందులో దూరి రేకు మీద మత్తుపొడి కాల్చి పీలుస్తున్నాడని తెలిసిన రోజది. అంతసేపు ఏం చేస్తున్నావని అడిగినప్పుడల్లా అతను చెప్పిన జవాబు ఒక్కటే, విరేచనం కావడం లేదని. పిచ్చితల్లి, నమ్మి ఆముదం కూడా తాగించింది.

ఇప్పుడతను పొడి ముట్టడం లేదు. వర్క్‌షాపులో డ్యూటీ ఎక్కే ముందు ఇందా పేటలో మత్తు మాన్పించే కేంద్రానికి పోయి, నర్సు సూసన్న ఎదుట నాలుక కింద మాత్ర పెట్టుకుని కరిగించుకుని వస్తాడు. ఆ మాత్రతో పొడి మీద యావ చచ్చింది. దాంతోపాటు పేగులూ చచ్చాయి. తిన్నది ఎటు పోతోందో దేవుడికే తెలియాలి. గోల్‌బజార్‌లో ఎవరో బెంగాలీ దాదా చెప్పాడని విరేచనానికి ఇసబ్‌గోల్ పొట్టు కొని మింగితే, అది లోపల ముద్దై కూర్చుంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు, మరి మానుకున్నవాడికీ ఇంత శిక్షా?

ఎవరికి చెప్పుకుంటాడు? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. వర్క్‌షాపులో తోటివాళ్లు అతని పక్కన టిఫిన్ డబ్బా విప్పడం ఎప్పుడో మానేశారు. భార్య మీనాకుమారి పలాసలో పుట్టింటికి పోయి ఫోనెత్తడం లేదు. మిగిలింది తల్లి. ఆమె ఒకరోజు తలుపు బయట నిలబడి పొడి కాలిన వాసన వస్తోందేమోనని గాలి పీల్చి చూసింది.

"ఏటిరా, ఇంతసేపు?"

"అవ్వట్లేదమ్మా."

"అప్పుడూ ఇదే సెప్పినావు," అని జోగమ్మ వెళ్లిపోయింది.

ఆ పూట నుంచి అన్నం గిన్నె గట్టు మీద పెట్టి, మాట్లాడకుండా లోపలికి పోయేది. అబద్ధాన్ని నమ్మిన మనిషి నిజాన్ని నమ్మకపోవడం అతనికి కడుపునొప్పిని మించిన నొప్పి అయింది. ఒకే ఇంట్లో ఇద్దరున్నా ఒక్కడే ఉన్నట్టుండేది. మాత్ర మానేస్తే పేగులు కదులుతాయి, అమ్మ మాట్లాడుతుంది అనుకున్నాడు. మానేస్తే కాళ్లు మళ్లీ ఎటు లాగుతాయో అతనికి బాగా తెలుసు. అయినా మర్నాడు కేంద్రానికి పోయి మాత్ర వద్దన్నాడు.

ఎందుకని సూసన్న నిలదీస్తే తలవంచుకుని చెప్పాడు. ఆమెకు కోపమొచ్చింది. ఈ మాత్ర వేసుకునేవాళ్లలో చాలామందికి ఈ బాధ ఉంటుందని, సిగ్గుపడి దాచుకున్నందుకే ఇంతదాకా వచ్చిందని, ఇలాంటప్పుడు ఇసబ్‌గోల్ ఇంకా బిగిస్తుందని తిట్టి, డాక్టరు చేత సిరప్ రాయించింది.

"మాత్ర మానేసినావనుకో, కడుపు బాగవుద్ది. నువ్వు పోతావు," అంది.

మోహనకృష్ణ ఆమె ఎదుటే మాత్ర కరిగించుకుని వచ్చాడు.

ఆదివారం పొద్దున, సిరప్ తాగిన కడుపులో కదలిక తెలిసి పెరట్లోకి పోయాడు. తలుపు వేయలేదు. మీసాలున్న మనిషి, బార్లా తెరిచి కూర్చున్నాడు.

"అమ్మా, ఇలా రాయే. నా సేతులు సూడు."

జోగమ్మ వచ్చింది. ఖాళీ చేతులు చూసింది. బిగుసుకున్న మొహాన్ని, కణతల మీద చెమటను చూసింది. ఆ మొహం ఆమెకు కొత్త కాదు. పసివాడప్పుడు కాళ్ల మీద కూర్చోబెట్టుకుని రోజూ చూసినదే. ఆమెకు ఏడుపొచ్చింది.

"బిగబట్టకురా నాయనా. మెల్లగా," అంది.

తలుపు తనే దగ్గరికి వేసింది. గడియ లేదు కదా, గాలికి తెరుచుకోకుండా బయట వీపు ఆనించి కూర్చుంది.