పిల్లికి వచ్చిన గొంతు

పొద్దున్నే ఆస్పత్రి లాండ్రీకి బయల్దేరే ముందు కోడలు చేసే చివరి పని పిల్లికి గిన్నె పెట్టడం. కాసిన్ని నీళ్లపాలలో నిన్నటి బ్రెడ్డుముక్క నానేసి, పెరటి గుమ్మం దగ్గర పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయేది. పిల్లి నాలుగు గుటకలు వేసి, ఇక చాలన్నట్టు మెట్టు మీద ముడుచుకునేది. బూడిదరంగు పిల్లి. వానలో తడుస్తున్న కూనని కోడలి భర్త చొక్కాలో దాచుకుని తెచ్చాడు. ఆ తర్వాత ఎక్కువకాలం అతను బతకలేదు. పిల్లీ, కోడలూ, అత్తా మిగిలారు.

అత్త బస్టాండులో అనౌన్సర్‌గా పనిచేసి రిటైరైంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో ఊరికంతటికీ చెప్పిన గొంతు ఆవిడది. గొంతుకి ఆపరేషన్ జరిగాక ఆ గొంతు పోయింది. ఇప్పుడు ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపిస్తుంది. చెయ్యి నొప్పి పుడుతుందని పొడిపొడిగా రాసేది. “ఉప్పు తక్కువ.” “గొళ్లెం వెయ్యి.” “ఆలస్యం దేనికి?” నోటితో అంటే ఆ చివరి మాటలో ఎంత ఆరాటముండేదో గానీ, పలక మీద చూస్తే మాత్రం నిలదీసినట్టే ఉండేది. కోడలు చదివి, తలూపి, తన పని తాను చూసుకునేది. అలా ఆ ఇంట్లో మాటలు కరువైపోయాయి.

పిల్లి బొచ్చు రాలడం మొదలయ్యాక సెలవు రోజున ఇద్దరూ దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ దాని డొక్కలు తడిమి చూసింది.

“ఏం పెడుతున్నారమ్మా?”

“పాలూ బ్రెడ్డూ అండీ. ఆ ప్యాకెట్ల తిండి మా వల్ల కాదు.”

“ప్యాకెట్లే పెట్టమని ఎవరన్నారు? పాలు మాత్రం మానెయ్యండి, చాలా పిల్లులకి అరగవు. దీనికి కావలసింది మాంసం. చికెన్ షాపులో గుండెకాయలు, కందనకాయలు చవగ్గానే దొరుకుతాయి. వాటిని ఉడకబెట్టండి. ఉప్పు వద్దు, కారం వద్దు, ఉల్లిపాయా వెల్లుల్లీ అసలే వద్దు. కార్జం వారానికోసారి, అదీ చిన్న ముక్క. అప్పుడప్పుడూ ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చిన్న చేప. నెల తర్వాత తీసుకురండి, ఇంకేమైనా తక్కువైతే చూద్దాం.”

కోడలికి అంత తీరిక ఎక్కడిది? దారిలో అత్త పలక తీసి రాసింది. “నేను పెడతా.”

ఆ మర్నాటి నుంచి అత్తకో పని దొరికింది. చికెన్ షాపు ముందు నిలబడి వేలితో చూపించేది. షాపతను గుండెకాయలు పొట్లం కట్టి, కొనేవాళ్లు వద్దని వదిలేసిన కందనకాయలు కొసరు వేసేవాడు. ఇంటికొచ్చి చిన్న గిన్నెలో ఉడికించి, చల్లార్చి, వేళ్లతో చిదిమి, ఉడికిన నీళ్లు కాస్త చిలకరించి పెట్టేది. రెండు రోజులకి సరిపడా ఒకేసారి వండి ఫ్రిజ్‌లో పెట్టడంతో గ్యాసూ కలిసొచ్చేది. పిల్లి మొదట అనుమానంగా వాసన చూసింది. తర్వాత గిన్నె అడుగు మిలమిలలాడేదాకా నాకింది. కొన్నాళ్లకి బొచ్చు నిగనిగలాడింది, కళ్లలోకి తేట వచ్చింది.

ఆ వీధిలో పిల్లులకి ఒంటికి పట్టేలా తిండి దొరికితే, పెట్టినవాళ్ల గొంతు వస్తుంది. గిన్నె పెట్టేటప్పుడు వాళ్ల మనసులో ఏ మాట మెదిలితే పిల్లి ఆ మాటే పలుకుతుంది. క్షౌరశాల పిల్లి పొద్దస్తమానం “తల కాస్త వంచండి” అంటూ తిరిగేది. పై వాటాలో మొగుడూ పెళ్లాలిద్దరూ పోటీపడి పెట్టడం వల్ల వాళ్ల పిల్లి తనతో తనే పోట్లాడుకునేది. నీళ్లపాలు తాగే పిల్లులకే మ్యావ్ తప్ప ఇంకో మాట రాదు.

ఒక ఉదయం అత్త గిన్నె పెట్టి వెనక్కి తిరిగిందో లేదో, “నెమ్మదిగా తిను, ఎవరూ తరమడం లేదు” అని వినిపించింది.

తన గొంతే. ఎక్కడా జీర లేదు. అత్త వెనక్కొచ్చి పిల్లి పక్కన మెట్టు మీద కూర్చుంది. గోడ అవతల బండి తోసుకుంటూ వెళ్తున్న పళ్లతను ఆగి, “ఎన్నాళ్లయిందమ్మా మీ గొంతు విని. మీరు చెప్తే తప్ప నేను బస్సెక్కేవాణ్ణి కాదు” అని ముందుకు సాగాడు. అత్త కళ్లు తుడుచుకుని, పిల్లి వీపు నిమురుతూ చాలాసేపు కూర్చుంది.

ఆ రోజుల్లోనే బేకరీ వ్యాను డ్రైవరు కోడలితో ఒక మాటన్నాడు. అతను రోజూ ఆస్పత్రి వంటగదికి బ్రెడ్డు దింపేవాడు. కాస్త బట్టతల, నిదానం మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. “నీకు అభ్యంతరం లేకపోతే పెళ్లి చేసుకుందాం. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు” అన్నాడు. కోడలు ఆ రోజు ఇస్త్రీ చేసిన దుప్పటినే మళ్లీ ఇస్త్రీ చేసింది.

ఇంటికొచ్చి అత్తకి చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడలేక గోడకేసి చూసింది. అత్త పలక మీద రాసింది. “నీ ఇష్టం.”

కోడలు ఆ రెండు మాటలూ పదేపదే చదివింది. నీ ఇష్టం. ఇష్టమొచ్చినట్టు ఏడువు అనే అర్థంలో ఆ మాట ఎంతమంది అనలేదు? నా కొడుకుని మర్చిపోయావా అన్నట్టే తోచింది. పలక తిప్పి పెట్టేసి, “వద్దనే చెప్తాలే అత్తయ్యా” అంది. అత్త పలక అందుకునేలోపే గదిలోకి వెళ్లిపోయింది.

తెల్లారాక కోడలు అద్దం ముందు జడ వేసుకుంటోంది. వ్యాను దగ్గర ఏమని చెప్పాలో మనసులోనే కూడగట్టుకుంటోంది. పెరట్లో గిన్నె చప్పుడైంది. కాసేపటికి పిల్లి మూతి నాక్కుంటూ లోపలికొచ్చి, ఆమె కాళ్లకి ఒళ్లు రాసుకుంది.

“నీ ఇష్టం తల్లీ” అంది అత్త గొంతుతో.

కోడలి చేతులు జడలోనే ఆగిపోయాయి. పెళ్లయి వచ్చిన కొత్తలో, వంటింట్లో ఏం చెయ్యాలో తెలియక నిలబడితే ఆవిడ అచ్చం ఇలాగే అనేది. అంత మెత్తగా.

పిల్లి చాప మీద చతికిలబడి మిగతాది కూడా చెప్పేసింది. “మంచివాడిలాగే ఉన్నాడు. నువ్వు చల్లగా ఉంటే నాకంతే చాలు. ఒక్కదాన్నే ఉండాలంటే నాకు భయమే గానీ, ఆ సంగతి నీకు తెలియకూడదు. తెలిస్తే ఆగిపోతావు.”

పెరటి గుమ్మంలో అత్త చేతిలో గరిటెతో నిలబడి ఉంది. పిల్లిని ఆపడానికి పరుగెత్తుకొచ్చినట్టుంది, కొంగు జారిపోయింది. కోడలు లేచి వెళ్లి కొంగు సరిచేసింది. చేతిలో గరిటె తీసి పక్కన పెట్టింది. ఆ పూట పలక అవసరం రాలేదు.

ఆస్పత్రి వెనక, వ్యాను తలుపు దగ్గర కోడలు డ్రైవరుతో, “మా అత్తయ్య నాతోనే ఉంటుంది. అలాగైతేనే” అంది.

అతను ఖాళీ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. “మా ఇంట్లో వెనక గదికి వెలుతురు బాగా వస్తుంది. కిటికీ పక్కన మంచం వేద్దాం. ఆవిడకి నచ్చుతుందంటావా?”

రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టి పెళ్లి చేసుకున్న రోజు ముగ్గురూ వ్యాను ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. వెనక బట్టల మూటలు, మంచం, గిన్నెలు. అత్త ఒళ్లో పిల్లి. బయల్దేరే ముందే, దారి గురించి అనుకుంటూ, దానికి కడుపునిండా పెట్టింది.

వీధి మలుపు దగ్గర పిల్లి తలెత్తి, “నెమ్మది, అక్కడ గుంత ఉంది” అంది.

డ్రైవరు వెంటనే బ్రేకు మీద కాలేశాడు. “అలాగే అత్తయ్యా” అన్నాడు.

అత్త అటు తిరిగి అతన్ని చూసింది. అది కోడలు పిలిచే పిలుపే. ఆవిడ ఒళ్లోని పిల్లిని కాస్త దగ్గరికి పొదువుకుని, అద్దంలోంచి దారి చూస్తూ కూర్చుంది. వ్యాను గుంత పక్కనుంచి మెల్లగా సాగిపోయింది.