గుండుకు వేసిన పొగ

మా ఆయన కృపాకర్ భూపాలపల్లి గనిలో పని చేస్తాడు. బదిలీ మీద వెళ్లిపోతూ అక్కడి ఇంజనీరు తన బుల్‌డాగ్‌ను మాకు వదిలేశాడు. ముడతల మొహం, చప్పిడి ముక్కు. మా బిడ్డ రజని దానికి గుండు అని పేరు పెట్టి పక్కనే పడుకోబెట్టుకునేది. అది గురక పెట్టినప్పుడల్లా, ఇక పోతుందేమోనని లేచి చూసేదాన్ని.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఒకరోజు పొద్దున గురక మరీ ఎక్కువైంది. జలుబు చేసిందనుకున్నాను. రజని పసిగుడ్డుగా ఉన్నప్పుడు మా అమ్మ చేసినట్టే గుండుకు వేడినీళ్లు పోసి, తువ్వాల చుట్టి, తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేశాను. కాసేపటికి దాని నాలుక నీలంగా మారి బయటికి వేలాడింది. లేపితే కాళ్లు నిలబడలేదు.

"ఏం జేసినవే అమ్మా?" అంది రజని.

పశువుల దవాఖానకు తాళం. డాక్టరు వీరస్వామి చౌరస్తాలో సమ్మెవాళ్ల వంటావార్పు దగ్గర ఉన్నాడన్నారు. ఆటోలు లేవు. కూరగాయల పెంటమ్మను బతిమాలి, ఆమె బండి మీద గుండును పడుకోబెట్టి ముగ్గురం తోసుకుంటూ పోయాం. సమ్మెలో ఉన్న మనిషి చూడనంటే బిడ్డకు నా మొహం ఎట్లా చూపించాలి? దారంతా ఇదే గుబులు.

రోడ్డు మధ్యన పెద్ద గంజులో ఖిచిడీ కలుపుతున్నాడాయన.

"ఏందక్క, కుక్కను గూడ సమ్మెల కూసోబెడ్తవా?"

నేను చేసింది చెప్పాను. గరిటె పక్కాయన చేతిలో పెట్టి వచ్చాడు.

"గిది చంటిపిల్ల గాదక్క. గీ ముక్కుతోని ఉడుకకు ఓర్వదు. పొయ్యిల వెట్టినట్టే చేసినవ్."

"సస్తదా సారూ?"

"జర నీళ్లు పొయ్యనియ్యి."

తువ్వాల తీసేసి, వంట కోసం తెచ్చిన డ్రమ్ములోని నీళ్లు దాని పొట్ట మీద, కాళ్ల మీద పోశాడు. టెంటు నీడలో పడుకోబెట్టాడు. ఆడవాళ్లు వడ్డనకు తెచ్చిన విస్తరాకులతో విసిరారు. నేను ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మాటలు మరిచిపోయాను.

చాలాసేపటికి, మైకులో ఎవరో మాట్లాడుతుండగా గుండు గురక వినిపించింది.

"నీ ముచ్చటకు కుక్కకు గూడ నిద్రొచ్చిందన్నా," అంది పెంటమ్మ మైకాయనతో. టెంటంతా నవ్వింది.

"మళ్లీ గురక, సారూ," అన్నాను నేను.

"గది దాని ముక్కు తీరు. నువ్వు నాలుక రంగు సూడు, సాలు."

రజని విస్తరి ముందు కూర్చుని పొద్దటి నుంచి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను వంగి గుండు నాలుక చూశాను. నీలం పోయి ఎర్రగా ఉంది. కాసేపాగి మళ్లీ చూశాను.