తోటికోడలి ప్రార్థన

ఆదివారం ఏసయ్య గుడిగంట మోగితే సువార్తమ్మకు ఒళ్ళు మండేది. గంట మీద కోపం కాదు. ఆ గంటకు తెల్లచీర కట్టుకుని, బియ్యం ముంత చంకన పెట్టుకుని, మిరప కల్లం పక్కనుంచే నడిచిపోయే తోటికోడలు కోటిరత్నం మీద.

చిలకలూరిపేట దగ్గరి ఆ పాలెంలో అన్నదమ్ముల ఇళ్ళు రెంటికీ మధ్య ఒకటే మట్టిగోడ. తోటికోడళ్ళిద్దరూ బుల్లయ్యగారి కల్లంలో ఎండుమిరపలోంచి తాలుకాయలు ఏరేవాళ్ళు. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మిరపకు మంచి ధర పలికేసరికి ఆయన ఒకటే మాట అన్నాడు. "ఆదివారం రానోళ్ళు సోమవారం కూడా రానక్కర్లా."

కోటిరత్నం ఆ మాట విని లేచి వెళ్ళిపోయింది. సువార్తమ్మ ఉండిపోయింది. ఉన్నందుకు మేస్త్రీ పనీ, పందిరి నీడా, మధ్యాహ్నం బుల్లయ్యగారింటి వరన్నమూ దక్కాయి. ప్రార్థన కల్లంలోనే మనసులో చెప్పుకుందాం అనుకుంది గానీ రెండు వారాలకు ఆ సంగతే మరిచిపోయింది.

కడుపు నిండినా కుళ్ళు తగ్గలేదు. ఏం చూసుకుని దానికా నిబ్బరం? పాలెంలో ఆనవాయితీ ఒకటుంది. ఎసరు పెట్టిన ప్రతిపూటా ఒక పిడికెడు తీసి దేవుడి ముంతలో వెయ్యాలి, ఆదివారం గుడిలో గుమ్మరించాలి. సువార్తమ్మ ముంతలో ఇప్పుడు చింతపండు ఉంది. ఇంటింటా వడ్లు దంచి నూకలు తెచ్చుకునే కోటిరత్నం ముంత మాత్రం వారం వారం నిండుగానే వెళుతోంది. ఎవరో చాటుగా పెడుతున్నారు, పట్టుకుని పాలెమంతా చాటాలి అనుకుని, ఒక శనివారం పొద్దుగూకే వేళ గోడ మీంచి తొంగిచూసింది.

కోటిరత్నం పొయ్యి ముందు మోకాళ్ళ మీద ఉంది. చేటలో ఉన్నవి చారెడు నూకలు. పిడికెడు తీసి ముంతలో వేసింది. మళ్ళీ చెయ్యిపెట్టి ఆ నూకలు వెనక్కి తీసుకుంది. తీసుకుని దేవుడి మీద పడింది.

"ప్రభువా, మా అక్కని చూస్తే కడుపు రగిలిపోతంది. అక్క వరన్నం తింటంది, నేను నూకలు కాసుకుంటన్నా. కల్లం పక్కన నడుస్తంటే కాళ్ళు అటే లాగుతన్నాయి. అక్క పని పోతే బాగుండని కూడా అనుకున్నా. ఈ కుళ్ళు నువ్వే తియ్యి, నావల్ల కాదు."

ఆ పిడికెడూ మళ్ళీ ముంతలో వేసి ముక్కు చీదుకుంది.

సువార్తమ్మ గోడ మీంచి తల దించేసింది. కోటిరత్నం తనను చూసి ఏడవాలనే కదా ఇన్నాళ్ళూ కోరుకుంది! చెవులారా విన్నాక సంతోషం రావాలి. రాలేదు. అది తన కుళ్ళును కూడా పట్టుకెళ్ళి దేవుడికి చెప్పుకోగలుగుతోంది. తనకేమో చెప్పుకునే చోటే లేకుండా పోయింది. ఇన్నాళ్ళూ పడ్డ కుళ్ళంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

మర్నాడు గంట మోగగానే సువార్తమ్మ చేట కింద పెట్టి లేచింది.

"ఎక్కడికే? సాయంత్రం లారీ వస్తంది," అన్నాడు బుల్లయ్య.

"గుడికండి."

"పోతే మళ్ళీ ఈ కల్లం తొక్కొద్దు."

"అట్టాగేనండి."

భక్తి పొంగి వెళ్ళిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ ఒక్క చోటూ కోటిరత్నానికి వదిలెయ్యలేక వెళ్ళింది. ఆడవాళ్ళ చాప మీద తోటికోడలిని కాస్త జరిపి మరీ పక్కనే మోకాళ్ళేసింది. కళ్ళు మూసుకుంటే ఒక్క మాటా గుర్తురాలేదు. ఎవరి మనవి వాళ్ళు చెప్పుకోండని పాదిరిగారు అనేసరికి నోటికొచ్చిందే చెప్పింది, అదీ గట్టిగా.

"ప్రభువా, నా పక్కనున్న దీన్ని చూస్తే నాకు కడుపుమంట."

గుడిలో తలలన్నీ ఇటు తిరిగాయి. కోటిరత్నం మాత్రం కళ్ళు తెరవకుండానే "ఆమెన్" అంది.