వాల్‌బుర్గా వంతు

నేను ఒక రొట్టెల బట్టీని. గుమ్మటంలాంటి వీపు, చేటంత నోరు, లోపల రాతి నేల. జర్మనీలో తూర్పు వైపున హాజెల్‌గ్రుండ్ అని ఒక చిన్న ఊరు ఉండేదిలెండి, ఆ ఊరంతటికీ నేనొక్కదాన్నే బట్టీని. ఇప్పుడు మీరు పటంలో వెతికినా ఆ ఊరు కనబడదు. ఎందుకు కనబడదో చెబుతాను, కాస్త కూర్చోండి.

రెండు చిన్న గుట్టల మధ్య పల్లంలో ఉండేది మా ఊరు. నడుమ సన్నటి వాగు. వాగుకి ఇవతల చర్చి, అవతల నేను. గుట్టల మీద పైన్ చెట్లు, కింద ఇసుక నేల. ఆ నేలలో గోధుమ పండదు. రొట్టెకి పనికొచ్చే రై అనే ముతక గింజలు, బంగాళాదుంపలు పండేవి, అవీ బతిమాలితేనే.

నేను పుట్టిన కథ కూడా ఏడుపు కథే. అంతకుముందు ఇంటింటికీ ఓ బట్టీ ఉండేదట. ఇళ్లకేమో గడ్డి కప్పులు. ఓ ఎండాకాలం ఒక్క నిప్పురవ్వ లేచి సగం ఊరు బూడిదైంది. ఇక ఇళ్లలో బట్టీలు వద్దన్నాడు దొర. కాలిన ఇళ్ల రాళ్లే ఏరుకొచ్చి, ఊరికి ఎడంగా వాగు పక్కన నన్ను కట్టారు. ఆ ఇళ్లవాళ్లు మాటలు మానేసి మొహాలు తిప్పుకున్న రోజుల్లో కూడా, వాళ్ల రాళ్లు నాలో ఒకదాన్నొకటి ఆనుకునే ఉండేవి.

శనివారం శనివారం నన్ను వెలిగించేవారు. ఎవరు ముందు, ఎవరు వెనక అని చీట్లు వేసుకునేవారు. మొదటి వంతంటే ఎవరికీ గిట్టదు. వారమంతా చల్లబడి ఉన్న నన్ను వేడెక్కించడానికి బోలెడు కట్టెలు తగలెయ్యాలి. తరవాత వచ్చేవాళ్లకి ఆ వేడి ఊరికే దొరుకుతుంది. ఆఖరి వంతు వాళ్లకి మాత్రం ఒక బాధ్యత ఉండేది. మిగిలిన పులిసిన పిండి ముద్దని ఇంటికి తీసుకెళ్లి, చావకుండా చూసుకుని, పై వారం మొదటి వంతు వాళ్ల చేతిలో పెట్టాలి. అది కలిపితేనే ఊళ్లో రొట్టె పొంగేది. నన్ను కట్టిన ఏడాది పులియబెట్టిన ముద్దే, అలా చేతులు మారుతూ వచ్చింది.

ఎన్ని సైన్యాలు వెళ్లాయో ఆ వాగు దాటి! కోటు రంగు మారేది, జెండా మారేది, అందరూ అడిగేది మాత్రం రొట్టే. రెండో పెద్ద యుద్ధంలో పిండిలో రంపపు పొట్టు కలిపి కాల్చారు నాలో. పిల్లలు ఆకలికి ఏడ్చినా ఆ పులిసిన ముద్దని మాత్రం ఎవరూ తినలేదు. ఫిరంగుల మోతకి ఊరు ఖాళీ చేసి పారిపోయినప్పుడు ఒటీలియా అనే చిన్నపిల్ల వాళ్లమ్మ దాన్ని గుడ్డలో చుట్టి గుండెలకి కట్టుకుని వెళ్లింది, అలాగే తిరిగి తెచ్చింది. ఒటీలియాకి అప్పుడు పాలపళ్లు ఊడుతున్నాయి.

ఆ ఒటీలియా పెద్దదై మనవల్ని ఎత్తాక, మా కింద బొగ్గుందని తేలింది. బొగ్గు తవ్వడానికి ఊరు లేపెయ్యాలన్నారు సర్కారు వాళ్లు. గుట్ట అవతల కొత్త ఊరు కడతాం, బట్టీని కూడా రాయి రాయి విప్పి తెచ్చి అక్కడ నిలబెడతాం అని మాటిచ్చారు. ఆ మాట నమ్మి, చివరి శనివారం నాడు కూడా మా ఆడవాళ్లు పై వారానికి చీట్లు వేసుకున్నారండీ! ఆ రోజు ఆఖరి వంతు ఒటీలియాది. పై వారం మొదటి వంతు పక్కింటి వాల్‌బుర్గాకి వచ్చింది.

"చూశావుటే ఒటీలియా, మళ్లీ చల్లటి బట్టీ నా నెత్తినే! ఆ డబ్బాలో నా చీటీ తప్ప ఇంకోటి లేదేమో."

"నీ నోటి వేడి చాలదుటే, కట్టెలెందుకు?"

"నవ్వవే, నవ్వు. ముద్ద జాగ్రత్త. కొత్త ఊళ్లో బట్టీ లేచిన రోజున నా చేతిలో పెట్టకపోయావో, నీ గుమ్మంలో బైఠాయిస్తా."

"పెడతానే తల్లీ. నేను పోయినా అది పోదు."

తరవాత చర్చి కూలింది. సమాధులు తవ్వి పెట్టెలు తరలించారు. కొండంత యంత్రం వచ్చి గుట్టల్ని కొరుక్కు తింది. బొగ్గు అయిపోయాక ఆ గోతిలో నీళ్లు నింపారట, ఇప్పుడక్కడ పడవ షికార్లు.

నా రాళ్లు ఏళ్ల తరబడి ఓ షెడ్డులో టార్పాలిన్ కింద పడున్నాయి. కొత్త ఊళ్లో ఇంటింటికీ కరెంటు పొయ్యి. నా ఊసెవరికి కావాలి? చివరికి పట్నంలో మ్యూజియం వాళ్లు అడిగి తీసుకెళ్లి, అద్దాల కప్పు కింద నన్ను నిలబెట్టి, చుట్టూ తాడు కట్టారు.

ఓ మధ్యాహ్నం ఒటీలియా వచ్చింది. నడుం ఒంగిపోయింది. చేతిలో తువ్వాలు చుట్టిన సీసా. సీసా మూత తియ్యకముందే ఆ పులుపు వాసన నాకు తెలిసిపోయింది.

"ఈ బట్టీ వెలిగించాలి బాబూ. కట్టెలు నేనే తెచ్చుకుంటాను," అంది కాపలా ఆయనతో.

"వెలిగించకూడదు పెద్దమ్మగారూ. ఇది చూడ్డానికే."

"రొట్టె కాల్చని బట్టీని చూసి ఏం చేస్తారు నాయనా?"

"ఫొటోలు తీసుకుంటారండి."

ఆవిడ సీసా మీది తువ్వాలు విప్పింది. తరవాత మెల్లిగా అంది. "ఇది వాల్‌బుర్గాకి ఇవ్వాల్సిన ముద్ద. తను మొన్న చలికాలంలో పోయింది. మంచం మీంచి కూడా అడిగింది, నా వంతు ఇంకా రాలేదుటే అని. వారం వారం కొత్త పిండి కలిపి దీన్ని బతికించాను. ఇక చేతులు సాగట్లేదు. మా కోడళ్లని అడిగితే, రొట్టె కొట్లో దొరుకుతుంది కదత్తయ్యా అంటారు."

కాపలా ఆయన తాడు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. ఉన్నట్టుండి కిటికీ దగ్గర పనున్నట్టు అటు వెళ్లిపోయాడు.

ఒటీలియా తాడు కింద నుంచి ఒంగి వచ్చి ఆ ముద్దని నా రాతి నేల మీద పెట్టింది. దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరింది.

"వాల్‌బుర్గా, ఇదిగోనే. ఇచ్చేశాను."

ఖాళీ సీసా తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయింది. అద్దాల్లోంచి పడ్డ ఎండకి ఆ సాయంత్రం ముద్ద కొంచెం పొంగింది. పిచ్చిది, మంట వస్తుందనుకుంది. నేనేం చెయ్యగలను? తెల్లారేసరికి చతికిలబడి, పైన పెచ్చు కట్టింది. ఊడ్చే మనిషి వచ్చి గరిటెతో గీకేశాడు. రాళ్ల సందులో దూరిన కాస్త మాత్రం గరిటెకి అందలేదు.

ఇప్పటికీ నా నోటి దగ్గర ఒంగిన పిల్లలు, ఏదో పుల్లటి వాసనంటారు. పాత వస్తువు కదా, అలాగే ఉంటుందని తల్లులు చెయ్యి పట్టి లాక్కుపోతారు. నేను నోరు తెరుచుకుని అలాగే చూస్తుంటాను. మొదటి వంతు కదండీ, బట్టీ చల్లగానే ఉంటుంది. కట్టెలు పట్టుకుని వాల్‌బుర్గా రావాలి.