నూరుసార్లు

భువన టీచర్ని గుట్ట కింది నుంచి మంచం మీద మోసుకొచ్చిన నలుగురిలో నేనొకణ్ణి. ఆమె బళ్ళోనే రెండో పంతుల్ని. ఆమెకు ఐదో నెల. బడికాడ సిగ్నల్ రాదు. తొమ్మిదిలోపల ఫోన్లో హాజరు యాప్‌లో మొగం పడకపోతే ఆ దినం హాజరు లేదు. అందుకని దినామూ గుట్టెక్కేది. ఆ పొద్దు జారింది. బిడ్డ దక్కలేదు.

నాలుగోనాడు మండల విద్యాధికారి ఆస్పత్రికే మెమో పంపినాడు. 'విధులకు గైర్హాజరు అయినారు.'

మా సంఘం అధ్యక్షుడు పెద్ద ఈరన్న సారు. ఇరవై ఏండ్లుగా ఏ మెమో వచ్చినా ఎర్రపెన్నుతో తప్పులు దిద్ది, మార్కులేసి వెనక్కి పంపేవాడు. అధికార్లు నవ్వి ఊరుకునేవాళ్ళు. ఈసారి ఆయన పెన్ను తీయలేదు.

"ఇరవై ఏండ్లు దిద్దుకుంటా కూచోడమే నా తప్పు. ఇది దిద్దితే మారే రకం కాదప్పా. ఇంపోజిషన్ రాపీయాల."

"ఎవురితో సార్?" అంది చౌడేశ్వరి టీచరు.

"తప్పు రాసినోనితో."

సోమవారం మూడువందల మంది పంతుళ్ళం విద్యాధికారి ఆఫీసుకు పోయినాం. గేటుకాడ వెంకటేశ్వర్లు మాస్టరు జేబులోంచి అర్జీ తీసినాడు.

"ఇది ఇచ్చొద్దాం ఈరన్నా. ఉద్యోగాలు పోతాయి."

"గుట్టెక్కింది నీ కూతురైతే అర్జీ రాస్తాంటివా?"

మాస్టరు అర్జీని నాలుగు ముక్కలు చేసి కాలవలో పారేసినాడు.

ఈరన్న సారు అధికారి బల్ల మీద పలకా బలపం పెట్టినాడు. "రాయి. 'భువన హాజరు.' నూరుసార్లు."

"ఎవురితో మాట్లాడుతాండావో తెలుసా?"

"తెలుసు. దెబ్బలు తినకుండా పాసైనోనితో."

పోలీసులొచ్చినారు. జీపులోకి తోస్తాంటే సారు చాక్‌పీసుల డబ్బా చౌడేశ్వరి చేతికిచ్చినాడు. "వాడు రాయడు. మీరే రాయండి, వాని కండ్లెదురుగా."

అధికారి లోపల గడియ పెట్టుకున్నాడు. ఆ తలుపు మీదే మొదలుపెట్టినాం. గోడలు, కిటికీ రెక్కలు, వాని పేరుబోర్డు. తొంబైతొమ్మిది అయినాయి.

అప్పుడు ఆటో ఆగింది. భువన దిగింది. మొగంలో రక్తం లేదు. పక్కకు జరిగి దావ ఇచ్చినాం. నూరోది ఆమే రాసి, తలుపుకు నోరు దగ్గర పెట్టింది.

"సార్, బయటికొచ్చేప్పుడు సదువుకుంటా రా. ఒక్కటి గూడా వదలొద్దు."

దాని కిందనే ఇంకొకటి రాసింది: 'ఈరన్న సారు హాజరు.'

"ఇది ఒకటి," అంది, చేతులు దులుపుకోకుండానే. "ఇంగ తొంబైతొమ్మిది ఉండాయి. ఈ గోడ సాలదు. పోలీస్ స్టేషన్‌కు యాట్ల పోవాలప్పా?"

వెంకటేశ్వర్లు మాస్టరు డబ్బా ఎత్తుకొని ముందు నడిచినాడు.